తోటి పనివానితో పొత్తు

ఉద్యోగం చేసే ప్రతి మనిషికీ తాను పనిచేసే చోట తన పాలిట ఒక శనిగ్రహం ఉన్నదనే నమ్మకం ఉంటుంది. గుమాస్తాకు పక్కబల్ల గుమాస్తా, ఉపాధ్యాయునికి ప్రధానోపాధ్యాయుడు, బొగ్గుబావి కార్మికునికి సర్దారు. కార్యాలయంలో గిట్టనివాడు ఎదురైతే ముఖం తిప్పుకొని కూర్చోవచ్చును. ఫైలు ఒకరోజు ఆలస్యమైనంత మాత్రాన కొంప మునగదు. గోదావరిఖనిలో భూగర్భానికి దిగేవానికి ఆ సౌకర్యం లేదు. అతని నెత్తిమీది కప్పును పరీక్షించేవాడొకడు, దానికి ఆసరా నిలిపేవాడొకడు, యంత్రం నడిపేవాడు మరొకడు. వీరిలో ఇద్దరికి మాటలు లేవంటే ఆ మౌనానికి మూల్యం మూడోవాడు చెల్లించవలసి రావచ్చును. అందుచేత ఈ ప్రసంగానికి నేను ఆఫీసు గదులను వదిలి బొగ్గుబావినే ఎన్నుకొన్నాను.

సింగరేణి పురాణం శ్రోతలకు కొత్తది కాదు. 1871లో ఇల్లందు ప్రాంతంలో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు నిక్షేపాన్ని కనుగొన్నాడు. 1920లో కంపెనీకి ఇప్పటి పేరు వచ్చింది. నేడు అందులో 51 పాళ్లు తెలంగాణ ప్రభుత్వానివి, 49 పాళ్లు కేంద్ర ప్రభుత్వానివి. రామగుండం ప్రాంతపు గనులు తరువాతి కాలానివి. పాత గనుల నుంచి వచ్చిన అనుభవజ్ఞులూ, నిన్నటిదాకా నాగలి పట్టిన పల్లెవాసులూ అక్కడ ఒకే మస్టరులో నిలబడ్డారు. పొలంలో బదులు చేతికి ఎవరిని పిలవాలో రైతు ఇష్టం. బావిలో తోడు ఎవరన్నది హాజరు పుస్తకం నిర్ణయిస్తుంది.

కప్పు సంగతి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. అనుభవం గల సర్దారు కర్రతో పైకప్పును తట్టి వింటాడు. గట్టి రాయి కంగుమంటుంది. పొర విడిచిన రాయి డొల్లగా పలుకుతుంది. ఆ ధ్వని వినబడితే మనుషులను అక్కడినుంచి వెనుకకు పంపించే అధికారం గనుల చట్టనిబంధనలు అతనికిచ్చాయి. కాని ఆ అధికారం వినియోగించిన రోజున అతడు ఎవరికీ ఇష్టుడు కాడు. టబ్బుల లెక్కన కూలి దొరికే కాలంలో పని ఆగితే కూలి తగ్గేది. పై అధికారికేమో ఉత్పత్తి తగ్గిందని కోపం. రెండు రోకళ్ల మధ్య చిక్కిన మద్దెల వంటి ఆ మనిషి గొంతు చించుకొని అరుస్తాడు. ఆ అరుపును మాత్రమే విని, “వీనికి నోటి దురుసు” అని తీర్పు చెప్పడం అందరికీ సులభం.

అరుపులో రెండు పదార్థాలు కలిసి ఉంటాయి. ఒకటి స్వభావం, రెండవది సమాచారం. “కళ్లు కనిపిస్తలేవా?” అన్నది స్వభావం. “ఆ మూల కప్పు డొల్ల పలుకుతున్నది” అన్నది సమాచారం. మొదటిదానికి జవాబు చెప్పబోయి రెండవదాన్ని జారవిడుచుకొనేవారే ఎక్కువ. వయసు మళ్లిన ఆసరాల మేస్త్రీ ఒకడు మూతి ముడుచుకొని కూర్చొన్నాడనుకోండి. “కాకా, నువ్వే ఒకసారి తట్టి చూడరాదు, నాకు సరిగ్గ తెలుస్తలేదు” అని చిన్నవాడు అన్నాడంటే, ఆ ముడి చాలావరకు విడిపోతుంది. పెద్దవానికి కావలసినది పొగడ్త కాదు. తన చెవికి ఇంకా విలువ ఉన్నదన్న ఎరుక. ఇంతకంటె లోతైన మనస్తత్త్వశాస్త్రం దీనిలో లేదు.

నన్నడిగితే, దురుసువానికంటె మెత్తనివానితోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలె. అన్నిటికీ “సరే అన్నా” అంటాడు. చూడని చోటు చూచినట్లు పుస్తకంలో సంతకం పెడతాడు. ఎవరితోనూ తగువు లేదు, అందరికీ మంచివాడు. ఆ మంచితనం పైన ఆధారపడి ఎవరైనా కప్పు కింద నిలబడగలరా?

ఇక ఒక విదేశీ పరిశోధన సంగతి. 1951లో లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ అనే ఇద్దరు ఇంగ్లండు బొగ్గుగనుల గురించి ఒక వ్యాసం ప్రకటించారు. బామ్‌ఫోర్త్ స్వయంగా పూర్వం గని కార్మికుడు. పాత పద్ధతిలో ఇద్దరు ముగ్గురు తమకు నచ్చిన జతగాళ్లను తామే ఎన్నుకొని, బొగ్గు కొట్టడం మొదలు ఎత్తడం వరకు అంతా కలిసి చేసేవారు. లాంగ్‌వాల్ పద్ధతి వచ్చాక సుమారు 40 మందిని మూడు షిఫ్టులుగా విడదీసి, ఒక్కొక్క షిఫ్టుకు పనిలో ఒక్కొక్క ముక్క అప్పగించారు. ముందు షిఫ్టు చేసిన లోపం తరువాతి షిఫ్టు అనుభవించేది. ముఖమైనా ఎరుగని వారిని తిట్టుకొనడం, గైరుహాజరు కావడం పెరిగాయి. మనుషులు రాత్రికి రాత్రి దుష్టులైనారా? పనిని ముక్కలు చేసిన తీరే వారిని అట్లా చేసిందని ఆ పరిశోధకులు తేల్చారు.

మన గనులకూ ఈ మాట వర్తిస్తుంది. తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తిన ఫిల్లర్ల జట్లకు తమ జతగాని నడక, దగ్గు సైతం తెలిసేవి. తరువాత బొగ్గెత్తే యంత్రాలు వచ్చాయి. గోదావరిఖని 7వ గనిలో 1983లోనే లాంగ్‌వాల్ ప్రవేశించింది. 2014లో అడ్రియాలలో భారీ లాంగ్‌వాల్ గని పని మొదలుపెట్టింది. యంత్రం నడిపేవానికి దానిని మరమ్మతు చేసే ఫిట్టరు దగ్గరివాడు కావచ్చు. ముందు షిఫ్టులో దానిని నడిపి వెళ్లినవాడు మాత్రం ఒక పేరు మాత్రమే. “రెండవ షిఫ్టువాళ్లు చెడగొట్టిపోయినారు” అన్న మాట అక్కడినుంచే పుడుతుంది. షిఫ్టు మారేచోట పుస్తకంలో రాసిన రిపోర్టుతో సరిపెట్టక, దిగేవాడూ ఎక్కేవాడూ రెండు నిమిషాలు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకొంటే సగం విరోధాలు పుట్టనే పుట్టవు. మా స్టూడియోలో ఈ పేచీ తక్కువ. ఎర్రదీపం వెలిగిందంటే ఎంతటి జగడాలమారి అయినా నోరు మూయవలసిందే!

వ్యక్తుల మధ్య తగవు గుంపుకు అంటుకొన్న అనుభవం కూడ సింగరేణికి ఉన్నది. 1990వ దశకపు తొలి సంవత్సరాలలో చిన్న కారణాలకే గనులు ఆగిపోయేవి. సంఘాలు అనేకం, ఎవరితో మాట్లాడితే తగవు తీరుతుందో యాజమాన్యానికీ తెలిసేది కాదు. 1998లో రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘాన్ని ఎన్నుకొనే పద్ధతి వచ్చింది. దానివల్ల కోపిష్టులు శాంతమూర్తులైపోలేదు గాని, కోపాన్ని ఏ గుమ్మానికి తీసుకొనిపోవాలో తెలిసింది.

అయితే ఓర్పుకూ హద్దున్నది. కులం పేరెత్తి అవమానించడం, స్త్రీని వేధించడం వంటివి “స్వభావం” అనే పద్దులో రాయదగినవి కావు. 2019లో భూగర్భ గనులలో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు స్త్రీలను అనుమతిస్తూ కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పదిమంది లేక అంతకుమించి పనిచేసే ప్రతి చోటా వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత సంఘం ఉండితీరవలెనని 2013 నాటి చట్టం విధిస్తున్నది. అటువంటి చోట సర్దుకొనిపొమ్మని సలహా చెప్పే పెద్దమనిషి అపరాధికే తోడ్పడుతున్నాడు.

చివరగా, ఇంటివద్ద ఈ ప్రసంగం వింటున్న గృహిణులకు ఒక మాట. రెండవ షిఫ్టు ముగిసి, రాత్రి పదకొండు దాటినాక ఇల్లు చేరిన మనిషి కంచం ముందు కూర్చొని సర్దారును తిట్టడం మీకు నిత్యకృత్యమే. “పోనీయండి, ఆయన గుణమే అంత” అని ఊరడించకండి, “ఇంతకూ దేనిగురించి అరిచినాడు?” అని అడగండి. సరిగా బిగియని బోల్టు గురించో, కారుతున్న నీటి గురించో జవాబు రావచ్చును. వస్తే, రేపు బావి దిగకముందే ఆ సర్దారును కలిసి మాట్లాడమనండి. ఏమీ లేదంటే, మరికొంచెం పులుసు వడ్డించండి.