బీపీ కంటిని కూడా వదలదు

(సూరత్ అడాజన్‌లో జరిగిన మన కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాదు. ఇంటర్ చదివి ఆర్మీలో చేరి, సూబేదార్‌గా రిటైరైనవాణ్ణి. కానీ ఒక కంటి చూపు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం కాబట్టి నాలుగు మాటలు చెబుతాను.

మన మెడికల్ కేటగిరీని షేప్ అంటాం కదా. అందులో పి అంటే శారీరక సామర్థ్యం, ఈ అంటే కంటిచూపు. బీపీ వస్తే పి కింద రాస్తారు. పి వేరు, ఈ వేరు అనుకున్నాను. అక్కడే పొరబడ్డాను.

సర్వీసులో ఉండగా ఎం.ఐ. రూమ్‌లో ఇచ్చిన మాత్ర మింగేవాణ్ణి. ఏటా మెడికల్ ఉంటుందన్న భయం ఉండేది. రిటైరై సూరత్ వచ్చాక అడిగేవాడు లేడు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇంకా మాత్ర ఎందుకని మానేశాను. ఒకరోజు పొద్దున పేపరు చదువుతుంటే కుడికంటి ముందు పొగ కమ్మినట్టయింది. నొప్పి లేదు. అద్దాల నంబరు మారిందేమో అనుకుని పదిరోజులు గడిపేశాను. మా ఆవిడ పోరు పడలేక కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. చుక్కల మందు వేసి లోపల చూసి ఆయన అడిగిన మొదటి మాట, "సాబ్, మీ బీపీ ఎంత?" కొలిస్తే 180/110.

కంటి వెనక రెటీనా అనే పొర ఉంటుంది. అందులోని నాళాలు దారాల్లా సన్నగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఒత్తిడి పడితే వాటి గోడలు మందమై, దారి ఇరుకవుతుంది. ధమని, సిర ఒకదాన్నొకటి దాటే చోట ధమని సిరను నొక్కేస్తుంది. అక్కడ సిర మూసుకుపోతే రక్తం, నీరు కారి వాపు వస్తుంది. నాకు జరిగింది అదే. కంట్లోకి ఇంజెక్షన్లు ఇచ్చారు. చూపు కొంత వచ్చింది, మొత్తం రాలేదు. రేంజిలో గురిపెట్టిన కన్ను అది. ఇవాళ దానితో చూస్తే పేపర్లో గీతలు వంకరగా కనిపిస్తాయి.

శరీరాన్ని కోయకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే అబ్జర్వేషన్ పోస్టు మన కన్ను. 1939లోనే కీత్, వాగనర్, బార్కర్ అనే అమెరికా డాక్టర్లు ఈ మార్పులను నాలుగు గ్రేడులుగా విభజించారు. గ్రేడు పెరిగినకొద్దీ ఆయుష్షు తగ్గుతోందని చూపించారు. కంట్లో నాళాలు చెడితే మెదడు, గుండె, కిడ్నీల సంగతి కూడా చూసుకోమని అర్థం.

కాబట్టి నా మనవి. బాగున్నామని మాత్ర మానకండి. అయిదు నిమిషాలు కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి బీపీ చూసుకోండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటనివ్వకండి. ఆవకాయలో, ఇక్కడి ఫర్సాణ్‌లో ఉన్నదీ ఆ లెక్కలోదే. అద్దాల షాపులో చేసేది నంబరు పరీక్షే, రెటీనా పరీక్ష కాదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి చుక్కల మందు వేయించుకుని చూపించుకోండి. ఆ రోజు బండి నడపకండి. చూపు హఠాత్తుగా మసకబారితే, నొప్పి లేకపోయినా, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. నాలాగా పదిరోజులు ఆగకండి.

సెంట్రీ నిద్రపోతే పోస్టు పోతుంది. మన ఒంటికి సెంట్రీ మనమే. జైహింద్.