కాపలా లేని ప్రపంచంలో మెట్ట రైతు

(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల రైతుల అధ్యయన తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతికి "ప్రపంచ అవ్యవస్థ - పాలన" అని పేరు పెడితే మనవాళ్లే కొందరు నవ్వారు. సోమశిల హైలెవల్ కాలువ ఎప్పుడు పూర్తవుతుందో తెలియదు, కందులు ఎవరు కొంటారో తెలియదు, అమెరికా గొడవ మనకెందుకు అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే అమెరికాతో కాకుండా కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలతో మొదలుపెడతాం.

2024లో మేలురకం పొగాకు కిలో 300 రూపాయలు దాటింది. లో గ్రేడు కూడా నిలవకుండా పోయింది. అది చూసి మరుసటి ఏడు పొలం కౌళ్లు పెంచారు, బ్యారన్ల అద్దెలు పెంచారు. అయినా వేశాం. మన రాష్ట్రంలో బోర్డు అనుమతించిన దానికంటే ఎక్కువ పండింది. 2025 మార్చిలో వేలం మొదలయ్యేసరికి మేలురకమే 280 రూపాయల దగ్గర పలికింది. లో గ్రేడు బేళ్లు నోబిడ్ అయి మళ్లీ ట్రాక్టరెక్కాయి. తిరిగొచ్చిన బేలుకు మళ్లీ కిరాయి, మళ్లీ కూలి, మీద వడ్డీ. ఇది మీకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

ఆ రెండేళ్లలో మన నేల మారలేదు, మన పనితనం తగ్గలేదు. మారింది వేరే చోట. ఆఫ్రికాలోని జింబాబ్వేలో 2024లో కరువొచ్చి పొగాకు సుమారు 23 కోట్ల కిలోలకు పడిపోయింది. బ్రెజిల్‌లో అధిక వర్షాలకు పంట దెబ్బతింది. కొనేవాళ్లు మనవైపు తిరిగారు, మన ధర పెరిగింది. 2025లో జింబాబ్వేలో 35 కోట్ల కిలోలకు పైగా పండింది. అది ఆ దేశ చరిత్రలోనే రికార్డు. బ్రెజిల్ కూడా కోలుకుంది. కొనేవాళ్లు మళ్లీ అటు తిరిగారు. మన బేలు కొనే పెద్ద వ్యాపారికి ఈ మూడు దేశాల లెక్కా ముందే తెలుసు. కౌలు కట్టి నాటిన మనకు తెలిసింది వేలంలో బేలు తిరిగొచ్చిన రోజు.

ప్రపంచ వ్యవహారాలు మనకెందుకు అన్నదానికి ఇదే జవాబు. మనం వాటి జోలికి పోకపోయినా అవి మన బ్యారన్ దాకా వస్తున్నాయి.

రాజనీతి శాస్త్రం ఏం చెబుతోంది?

ప్రపంచ రాజకీయాలను చదివే పండితులు మొదట చెప్పే మాట ఒకటుంది. దేశం లోపల తగవు వస్తే పోలీసు ఉన్నాడు, కోర్టు ఉంది. దేశాల మధ్య తగవు వస్తే వాటన్నిటి పైనా అధికారం ఉన్నవాడు ఎవడూ లేడు. ఇది మనకు కొత్త సంగతి కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దీన్నే మాత్స్యన్యాయం అన్నాడు. దండించేవాడు లేనిచోట పెద్ద చేప చిన్న చేపను మింగుతుంది.

మరి ఇన్నాళ్లూ కాస్తో కూస్తో వ్యాపారం ఎలా సాగింది? బలమైన దేశం ఒకటి తన లాభం కోసమే అయినా కొన్ని కట్టుబాట్లు పెట్టి వాటిని నిలబెడితే సాగుతుంది. చార్లెస్ కిండల్‌బర్గర్ అనే ఆర్థికవేత్త 1930ల ఆర్థిక మాంద్యం మీద 1973లో రాసిన పుస్తకంలో ఈ మాటే చెప్పాడు. అప్పుడు బ్రిటన్‌కు ఆ బరువు మోసే శక్తి పోయింది, అమెరికాకు శక్తి ఉన్నా మోసే మనసు లేదు. 1930లో అమెరికా సుంకాలు పెంచింది, మిగతా దేశాలూ పెంచాయి, ప్రపంచ వ్యాపారం కుప్పకూలింది.

మన చెరువు సంగతితో పోల్చి చూడండి. తూము దగ్గర నీళ్లు వంతు వేసే మనిషి ఉన్నంతకాలం అతను పెద్ద రైతు మాట కొంచెం ఎక్కువ విన్నా, చివరి మడికి ఏదో ఒక రాత్రి నీళ్లందుతాయి. ఆ మనిషే లేకుండా పోతే మోటారున్నవాడిదే చెరువు. ఇప్పుడు ప్రపంచంలో జరుగుతున్నది ఇదే.

ప్రపంచ వాణిజ్య సంస్థనే తీసుకోండి. 1995 జనవరి 1న అది మొదలైంది. మద్దతు ధర పేరుతో ఇచ్చే సాయం ఆ పంట విలువలో 10 శాతం మించకూడదని మనలాంటి దేశాలకు హద్దు పెట్టింది. అది కూడా 1986-88 నాటి ధరలతో లెక్కగట్టాలట. వరి విషయంలో 2018-19లో మన దేశం ఆ హద్దు దాటింది. 2013లో బాలీ సమావేశంలో ఒప్పుకున్న తాత్కాలిక మినహాయింపును వాడుకుని బయటపడింది. శాశ్వత పరిష్కారం 2024 అబుదాబి సమావేశంలోనూ కుదరలేదు. ఆ కట్టుబాట్లు మనకు న్యాయంగా లేవని మన సంఘాలు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ఆ కట్టుబాట్లకే కాపలా పోయింది. తగవులు తీర్చే అప్పీలు పీఠంలో ఏడుగురు ఉండాలి, కేసు వినాలంటే కనీసం ముగ్గురు కావాలి. కొత్తవారి నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ రావడంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయడం లేదు. చక్కెర కేసులో మనకు వ్యతిరేకంగా తీర్పొస్తే మన ప్రభుత్వం వినేవాళ్లు లేని ఆ పీఠానికే అప్పీలు పెట్టింది. ఆ తీర్పు అమలు కాకుండా ఆగింది. చెరకు రైతుకు అది మేలే. కానీ 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచి, మన జిల్లా తూర్పు తీరంలో రొయ్య రైతు గుండెలో రాయి పడినప్పుడు, మనం వెళ్లి చెప్పుకోవడానికి కూడా అదే ఖాళీ పీఠం మిగిలింది. ఆ సుంకం ఒకరోజు తగ్గొచ్చు, మరోరోజు పెరగొచ్చు. ఒక్క మనిషి సంతకంతో పెరగడం, తగ్గడం అన్నదే అసలు ప్రమాదం. చెడ్డ కట్టుబాటు పోయినంత మాత్రాన మంచి కట్టుబాటు దానంతటది రాదు.

ఆ అవ్యవస్థ మన ఊరికి ఏ రూపంలో వస్తుంది?

పొగాకులో నోబిడ్ రూపంలో వచ్చిందని చెప్పుకున్నాం. కందిలో ఓడ రూపంలో వస్తుంది. దేశంలో కందిపప్పు ధర పెరిగిందని 2016లో మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఏటా 2 లక్షల టన్నుల దాకా తెచ్చుకునే ఏర్పాటు అది. తర్వాత మలావీ, మయన్మార్‌లతోనూ ఒప్పందాలు కుదిరాయి. 2021 మే నుంచి కంది దిగుమతికి తలుపులు బార్లా తెరిచారు. శనగ వేసినవాళ్ల మీద బఠాణీ పడింది. 2023 డిసెంబరులో పసుపు బఠాణీకి సుంకం ఎత్తేశారు, దాదాపు రెండేళ్ల తర్వాత 2025 నవంబరులో 30 శాతం సుంకం పెట్టారు. ఈలోపు శనగ అమ్ముకున్నవాడి నష్టం ఎవరి ఖాతాలో రాయాలి? పట్నంలో కూలి చేసుకునేవాడికి పప్పు చవగ్గా దొరకాలి, కాదనం. కానీ ఆ చవకకు మూల్యం మెట్టలో కంది వేసినవాడొక్కడే ఎందుకు కట్టాలి?

ఎరువుల విషయంలో అది క్యూ రూపంలో వస్తుంది. పొటాష్ దాదాపు అంతా బయటినుంచే రావాలి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే దాని ధర మండిపోయింది. ఫాస్ఫేట్ ఎరువుల ఎగుమతిని చైనా తనకిష్టమైనప్పుడు వదులుతుంది, లేనప్పుడు ఆపుతుంది. యూరియా బస్తా ధరను ప్రభుత్వం 266 రూపాయల 50 పైసల దగ్గర కట్టి ఉంచింది, మంచిదే. అయితే ధర కదలనప్పుడు కొరత కదులుతుంది. 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ రైతులు చెప్పులు వరుసలో పెట్టి నిలబడింది ఇందుకే.

మరో ఉదాహరణ చూడండి. పొగాకు వాడకం తగ్గించాలనే అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం 2004లో ఆమోదించింది. ఆరోగ్యం కోసం అది అవసరమే. ఆ ఒప్పందం 17వ అధికరణం పొగాకు పండించేవారికి గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయం చూపాలని కూడా చెబుతోంది. పన్నులు, పంట పరిమితులు మనదాకా వచ్చాయి. ప్రత్యామ్నాయం మాత్రం నీళ్లు లేని ఈ ఎర్ర నేలకు ఇంకా రాలేదు.

వీటన్నిటిలో మాకు కనిపిస్తున్నది ఒకటే. ప్రపంచంలో పట్టు తప్పినప్పుడు నష్టాన్ని ప్రతివాడూ తన కిందివాడి మీదికి నెడతాడు. దేశం దేశం మీదికి, వ్యాపారి బోర్డు మీదికి, బోర్డు రైతు మీదికి, భూమి యజమాని కౌలుదారు మీదికి. కౌలుదారు ఇంక నెట్టడానికి ఎవరూ ఉండరు.

ఇంతకుముందు మనవాళ్లు ఏం చేశారు?

నిరాశ పడాల్సిన పని లేదు. 1930ల మాంద్యంలో మన జిల్లా రైతుకు ధర లేదు, అప్పు పెరిగింది, దానిమీద జమీందారీ శిస్తు. వెంకటగిరి జమీందారీ రైతుల గొంతుగా "జమీన్ రైతు" వారపత్రిక 1930లోనే మొదలైంది. లండన్‌లో, న్యూయార్క్‌లో ఏం జరగాలో ఆనాటి రైతులు శాసించలేదు. తమ చేతికందే చోట, మద్రాసు ప్రభుత్వం మీద పట్టు పట్టారు. ఆ రోజుల రైతు ఉద్యమాల ఒత్తిడితోనే 1938లో రైతు రుణ విముక్తి చట్టం, 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చాయి.

ఇంకా దగ్గరి సంగతి దూబగుంట. మన కలిగిరి మండలంలోని ఆ పల్లెలో ఆడవాళ్లు సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, 1992 నాటికి సారాకు ఎదురు తిరిగారు. వాళ్ల చేతిలో పదవి లేదు, డబ్బు లేదు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారన్నదీ గుర్తుంచుకోవాలి. గెలిచిన కట్టుబాటుకు కాపలా లేకపోతే అది నిలవదు.

రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ జీవితమంతా పరిశోధించింది ఇలాంటి సంగతులనే. చెరువులు, అడవులు, చేపల రేవులు పైనుంచి ప్రభుత్వం గానీ, బయటినుంచి కంపెనీ గానీ నడపకపోయినా, వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని తరాల తరబడి కాపాడుకున్న చోట్లను ఆమె చూపించారు. ఆమెకు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. నియమం పెట్టేటప్పుడు వాడుకునేవాళ్ల మాట ఉండాలి, కాపలాదారు వాళ్లకే జవాబు చెప్పాలి, తప్పు చేసినవాడికి తప్పును బట్టి శిక్ష ఉండాలి అన్నవి ఆమె చెప్పిన ముఖ్యమైన షరతులు. మన రాష్ట్రంలో 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి, 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలూ జరిగాయి. మీ చెరువు సంఘం లెక్కలు మీలో ఎంతమంది అడిగారు? తూము మరమ్మతు డబ్బుల లెక్క అడగనివాళ్లం ఢిల్లీని దిగుమతుల లెక్క ఎలా అడుగుతాం?

మనం అడగాల్సినవి

ఒకటి. కంది, శనగ, మినుము దిగుమతి నిర్ణయం విత్తే ముందే ప్రకటించాలి. విత్తిన తర్వాత పంట అమ్ముడయ్యేదాకా సుంకం తగ్గించకూడదు. తగ్గించక తప్పకపోతే, మద్దతు ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా రైతు ఖాతాలో వేయాలి. 2025-26కు కంది మద్దతు ధర క్వింటాలు 8,000 రూపాయలు. ఆ అంకె కాగితం మీద ఉంటే చాలదు.

రెండు. పొగాకు పంట పరిమితి నిర్ణయించేటప్పుడు ఎగుమతిదారులు ఎంత కొంటారో రాసివ్వాలి. రాసిచ్చింది కొనకపోతే నిల్వ ఖర్చులో వాటా భరించాలి. బ్రెజిల్, జింబాబ్వే పంటల అంచనాలను బోర్డు నాట్లకు ముందే తెలుగులో ప్రతి వేలం కేంద్రం గోడ మీద అతికించాలి.

మూడు. రైతు సేవా కేంద్రంలో ఎంత ఎరువు వచ్చింది, ఎంత పోయింది అన్నది ఏ రోజుకారోజు బోర్డు మీద రాయాలి. ఈ-క్రాప్‌లో నమోదైన కౌలు రైతుకు యజమాని సంతకం అడగకుండా ఇవ్వాలి.

నాలుగోది మన పని. ఊరికొక రిజిస్టరు పెట్టుకుందాం. ఎవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేశారు, ఎంత ఖర్చయింది, ఎంతకు అమ్మారు అన్నది కౌలుతో సహా రాద్దాం. లెక్క చేతిలో లేనివాడి మాట అధికారి దగ్గర ఆవేదనగానే మిగిలిపోతుంది. లెక్క ఉంటే అది డిమాండ్ అవుతుంది.

అమెరికా సుంకం మనం మార్చలేం. జింబాబ్వేలో వాన ఆపలేం. ఆ దెబ్బ మన ఊళ్లో ఎవరి మీద ఎంత పడాలి అన్నది మాత్రం ఇక్కడి చట్టాలు, ఇక్కడి బోర్డులు, ఇక్కడి సంఘాలు తేల్చే విషయం. అక్కడ మనకు ఓటుంది, నోరుంది. ఈ నాలుగు అంశాలూ మీ ఊళ్లలో చదివి వినిపించండి, సరిపోనిది తీసేయండి, మిగిలినది చేర్చండి. వచ్చే నెల ఆత్మకూరులో కలిసేటప్పుడు ప్రతి ఊరి నుంచీ ఒక రిజిస్టరు తీసుకుని రండి.