పూర్ణా మార్కెట్‌లో మన కొండచీపురు
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను గిరిజన బాలికల విద్య మీద మాట్లాడమన్నారు. బీఎడ్ చదివి, పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ తర్వాత వార్డెన్‌గా వచ్చినదాన్ని. దాని మీద ఎంతసేపైనా చెప్పగలను. కానీ పోయినసారీ అదే చెప్పాను, మీరూ చప్పట్లు కొట్టారు. ఈసారి బజారు గురించి చెబుతాను. చదువు సంగతి మధ్యలో అదే వస్తుంది.

పూర్ణా మార్కెట్ తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు. కేజీహెచ్‌లో మనిషిని చేర్చిన మన వాళ్లు ప్లేటో గ్లాసో దుప్పటో కావలిస్తే ముందు అటే దిగుతారు. తెల్లవారుజామున లారీలు వస్తాయి, కళాసీలు బస్తాలు దించుతారు, కూరగాయలూ పూలూ ఎక్కడివక్కడికి సర్దుకుంటాయి. మా హాస్టల్‌కి చిల్లర సామాన్లు నేనూ అక్కడే కొంటాను. ఆ సందుల్లో కాసేపు నిలబడి ముక్కుతో చూస్తే మన కొండ వాసన తెలుస్తుంది. పసుపు, అల్లం, చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు. మన ఊరు మనకంటే ముందే పట్నం వచ్చింది. సరుకై వచ్చింది.

ఈ మార్చిలో పది చీపుర్లు కావలసి వెళ్లాను. సాయానికి ఇంటర్ రెండో సంవత్సరం పిల్లని తీసుకెళ్లాను. గోడ వారగా ఒకామె రెండు మోపులు పెట్టుకుని కూర్చుంది. కట్ట అరవై అంది. యాభైకి ఇస్తే పది తీసుకుంటానన్నాను. "అలగనీకమ్మా, కొండెక్కి కోసినాను" అంది. నేను రెండడుగులు ముందుకి వేశాను. ఆ రెండడుగులు ఎందుకు వేస్తామో మీకందరికీ తెలుసు. వెనక్కి పిలిచింది, యాభైకే ఇచ్చింది. వంద రూపాయలు మిగిల్చానని నాకు సంతోషం.

ఆటోలో పిల్ల మాట్లాడలేదు. సగం దారిలో అడిగితే, "ఆవిడ మా పిన్ని, మేడమ్" అంది. మరి పలకరించలేదేమే అన్నాను. "మీరు నా వార్డెన్ అని తెలిస్తే డబ్బులు తీసుకోదు మేడమ్. అందుకే చింతపండు బస్తాల వెనక నిలబడ్డాను" అంది.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

వారం తర్వాత వెతుక్కుంటూ వెళ్లి ఆ వంద చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. బేరం బేరమే అంది. పక్కన గోనెపట్టా వేసి కూర్చోమంది. అక్కడ కూర్చుని ఆమె చెప్పిన లెక్క నా పుస్తకంలో రాసుకున్నాను, మీకు చదువుతాను.

మొత్తం నలభై కట్టలు. పాతిక ఆమె కోసినవి, పదిహేను ఇరుగుపొరుగు దగ్గర కట్ట ముప్పైకి తీసుకున్నవి. అందరూ నాలాగే దించడంతో సరాసరి యాభై చొప్పున అమ్మితే వచ్చింది 2,000. పొరుగువాళ్లకి 450. ఊరి నుంచి స్టేషన్‌కి ఆటో, రైలు, దిగాక కళాసీకి కలిపి 250. ఆశీలు, కూర్చున్న చోటుకి 60. రెండు రోజుల తిండి, మంచినీళ్లు, మరుగుదొడ్డికి 200. మిగిలింది 1,040. చీపురు కోసి, ఎండబెట్టి, దులిపి, కట్టలు కట్టడానికి నాలుగు రోజులు, వచ్చి పోవడానికి రెండు రోజులు. ఆరు రోజులకి పంచితే రోజుకి 173 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 300. అంటే సొంత సరుకు సొంతంగా అమ్ముకున్న మనిషికి మట్టి పని కూలిలో అరవై శాతం కూడా గిట్టలేదు. రాత్రి మార్కెట్ అరుగు మీద పడుకున్నదానికి లెక్క కట్టలేదు. "ఊళ్లో ఊట నీళ్లు ఊరికే తాగుతాం, ఇక్కడ నీళ్లకీ డబ్బులే, పోసినా డబ్బులే" అని నవ్వింది.

మరి జీసీసీ లేదా అని పెద్దలు అడుగుతారు. ఉంది. 1956లో పెట్టారు, దాని ప్రధాన కార్యాలయం ఈ విశాఖలోనే ఉంది. మధ్యవాడి చేతిలో మనం మోసపోకూడదని పెట్టినదే. అటవీ ఉత్పత్తులకి కేంద్రం మద్దతు ధర కూడా ప్రకటిస్తుంది. 2020లో సవరించినప్పుడు గింజతో ఉన్న చింతపండుకి కిలో 36 రూపాయలు పెట్టారు. ఆ గింజ ఎవరు తీస్తారో, తీసిన చింతపండు ఎంతకి అమ్ముడవుతుందో పూర్ణా మార్కెట్‌లో అడగండి, మిగతా కథ అర్థమవుతుంది. అయినా మన వాళ్లు వ్యాపారి దగ్గరికి ఎందుకు వెళ్తారు? జూన్, జూలై, ఆగస్టు నెలల్లో ఇంట్లో గింజ లేనప్పుడు చేతిలో రెండు వేలు పెట్టేది అతనే కనుక. చింతపండు కాయకముందే అమ్ముడైపోతుంది. అప్పు తీసుకున్న చోటే సరుకు వెయ్యాలి, అతని తూకమే తూకం.

ఇప్పుడు రెండు అంకెలు చెబుతాను, పిల్లలు రాసుకోండి. కేంద్ర గణాంక శాఖ 2023-24 కుటుంబ వినియోగ సర్వేలో, దేశంలో పల్లెల్లో అట్టడుగు అయిదు శాతం జనం మనిషికి నెలకి ఖర్చు పెట్టేది 1,677 రూపాయలు. ఉచితంగా వచ్చే రేషన్ లాంటివి కలపని లెక్క ఇది. తిండి, బట్ట, మందులు, బస్సు, పిల్లల పుస్తకాలు అన్నీ అందులోనే. పట్టణాల్లో పై అయిదు శాతం వాళ్లది 20,310. పన్నెండు రెట్లు. ఖర్చులోనే ఇంత తేడా, ఆస్తుల మాట ఎత్తడం లేదు.

రెండో అంకె నా ఉద్యోగానిది. ఇంటర్, ఆపైన చదివే హాస్టల్ పిల్లకి మెస్ ఛార్జీ నెలకి 1,600. రోజుకి 53 రూపాయలు, అందులోనే పొద్దున టిఫిను, రెండు పూటల భోజనం, గుడ్డు. ఎలా నడుపుతానో నాకే ఆశ్చర్యం. అది చాలదని నేను పై అధికారులకి రాస్తూనే ఉంటాను. కానీ ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. చాలదు అని నేను గోల పెడుతున్న ఒక్క తిండి ఖర్చు 1,600. ఆ పిల్ల ఇంటి దగ్గర ఉండుంటే, అట్టడుగు కుటుంబమైతే, సర్వం కలిపి 1,677. దసరా సెలవులకి ఇంటికి వెళ్లిన పిల్ల చిక్కి ఎందుకు తిరిగొస్తుందో ఇక నన్ను అడగకండి.

మార్కెట్‌లో కష్టం మన వాళ్లది ఒక్కటే కాదు. ఆ చీపుర్ల అమ్మ పక్కన కరివేపాకు, కొత్తిమీర అమ్మే ముసలామె ఉంది. పాత నగరం మనిషి, గిరిజన కాదు. పొద్దున వడ్డీవాడు 900 చేతిలో పెడతాడు, సాయంత్రానికి 1,000 కట్టాలి. మనలో ఇళ్లు కొనుక్కున్న ఉద్యోగులు చాలామంది ఉన్నారు. బ్యాంకు వడ్డీ ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో శాతం అయితే అయ్యో అంటాం. ఆమె రోజుకి పదకొండు శాతం కడుతుంది. నెలకి పాతిక రోజులు వస్తే 900 అప్పు మీద 2,500 వడ్డీ. అసలు మాత్రం మర్నాడు పొద్దున మళ్లీ 900గానే ఉంటుంది. పేదవాడికి డబ్బు ఖరీదెక్కువ. ఉన్నవాడికి చవక.

అప్పు కింద మనిషిని పట్టి ఉంచడం మన కొండల్లో కొత్త కాదు. విశాఖ ఏజెన్సీలో దాన్ని గొత్తి అనేవారు. తాత చేసిన అప్పుకి మనవడు కూడా షావుకారి దగ్గర చాకిరి చేసేవాడు. 1940లో మద్రాసు ప్రభుత్వం రెగ్యులేషన్ చేసి రద్దు చేసింది. కాగితం మీద పోయింది. ఇక కూలి సంగతి. రేపు ఆగస్టు 22న అల్లూరిని తలచుకుంటాం, 1922లో చింతపల్లి స్టేషన్ మీద దాడి చేసిన రోజు. మనం తుపాకుల సంగతే చెప్పుకుంటాం. గూడెం కొండల్లో రోడ్డు పనికి ఆరణాలు ఇవ్వవలసిన చోట రెండణాలు చేతిలో పెట్టారన్న సంగతి పిల్లలకి చెప్పం. నా మట్టుకు నాకు ఆ తిరుగుబాటులో అదే పెద్ద సంగతి.

కళాసీల గురించి కొంచెం. మార్కెట్‌లో ఒక కుర్రాడు "నమస్తే మేడమ్" అన్నాడు, తల మీద బస్తా ఉండగానే. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు, లెక్కల్లో చురుకైనవాడు. పదిలో తండ్రి పోయాడు, మానేశాడు. బస్తాకి ఇంత అని కూలి. సరుకు వచ్చిన రోజు ఉంది, రాని రోజు లేదు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, నడుం పట్టేస్తే అంతే. ఇదే ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీలో పర్మినెంట్ కార్మికుడు ఉన్నాడు, అతని పక్కనే కాంట్రాక్టు కార్మికుడు ఉన్నాడు, పోర్టు దగ్గరా అంతే. ఒక పనికి రెండు మూడు రకాల బతుకులు. ఆ కుర్రాడిది ఆ మెట్లన్నిటికీ కింద. "మేడమ్, బస్తాల లెక్క నేనే రాస్తాను, మేస్త్రీకి రాదు" అన్నాడు. గర్వంగానే అన్నాడు. నాకు ఏమనాలో తెలియలేదు.

ఇక మన గురించి. కోపం వద్దు. ఈ హాలులో కూర్చున్నవాళ్లలో సగం మందిమి రిజర్వేషన్ వల్ల, చదువు వల్ల నెల జీతం మనుషులమయ్యాం. మంచిదే, దానికోసమే మన పెద్దలు కొట్లాడారు. నేనూ అలా వచ్చినదాన్నే. కానీ పదేళ్లలో మన ఇళ్లకీ, మన చిన్నాన్న కొడుకు ఇంటికీ దూరం ఎంత పెరిగిందో చూసుకున్నామా? ఏడాదికోసారి ధింసా ఆడి, ఫోటోలు తీసుకుని, మధ్యాహ్నం ప్లాస్టిక్ ప్లేట్లలో భోజనం చేసి వెళ్తున్నాం. ఇవాళ కూడా ప్లాస్టిక్ ప్లేట్లే, ఇందాక వంటశాల వైపు వెళ్లి చూశాను. కార్యదర్శి గారూ, అలా చూడకండి. అడ్డాకు కుట్టే చేతులు ఈ హాలులోనే నలభై ఉన్నాయి.

నేను అడిగేవి మూడు, అన్నీ మన చేతిలోవే. వచ్చే సభ నుంచి విస్తళ్లు మన ఊళ్ల నుంచి ముందుగా డబ్బిచ్చి తెప్పిద్దాం, ఆకలి నెలల్లో ఇద్దాం ఆ డబ్బు. రెండోది, వీధి వ్యాపారులకి 2020లో పెట్టిన పీఎం స్వనిధి అప్పు పట్నం వాళ్లకే అని చాలామంది అనుకుంటున్నారు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి నగరపాలక సంస్థ హద్దుల్లో అమ్ముకునేవాళ్లకి కూడా వర్తిస్తుందని నిబంధనల్లోనే ఉంది. కావలసింది గుర్తింపు కార్డో సిఫారసు లేఖో. అది తెచ్చుకోవడానికి చీపుర్ల అమ్మ ఒక రోజు బేరం వదులుకోలేదు. మనలో నగరపాలక సంస్థలో పనిచేసేవాళ్లు ఉన్నారు, బ్యాంకుల్లో ఉన్నారు. ఒక శనివారం మార్కెట్‌కి మీరే రండి, ఫారాలు నేను నింపుతాను, చేతిరాత బాగుంటుంది.

మూడోది, మార్కెట్‌లో రాత్రి పడుకునే ఆడవాళ్లకి ఒక గది. మన సంఘం ఆఫీసు గది రాత్రిళ్లు ఖాళీగానే ఉంటుంది. తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది ఒక్కటే సమస్య. నా దగ్గర ఉంచుకుంటాను.

ఆ పిల్ల ఇంటర్ పాసైంది. నర్సింగ్‌కి దరఖాస్తు చేసింది. వాళ్ల పిన్ని సీజను మొదలవగానే, సంక్రాంతి వెళ్లాక, మళ్లీ మోపులతో దిగుతుంది. గది సంగతి అప్పటికి తేలాలి. పుస్తకం ఇక్కడే బల్ల మీద పెడుతున్నాను, పేరు, ఫోన్ నంబరు, ఏ శనివారం రాగలరో రాయండి. పెన్ను ఎవరూ పట్టుకుపోకండి, హాస్టల్‌ది.