జంట గొట్టముల రైఫిలు

రెండు గొట్టముల తుపాకి యనగానే శ్రోతలకు పొలము కావలివాని భుజముపైని రవ్వల తుపాకి స్ఫురించుట సహజము. నేడు మేము చెప్పదలచినది దాని జాతిలోనిదే గాని రవ్వలు చిమ్మునది కాదు. ఒక్కొక్క గొట్టమునుండి ఒక్కొక్క గుండును మాత్రమే పంపునది. లోపల మరచుట్లు గల రెండు గొట్టములను ప్రక్కప్రక్కన చేర్చి అతికిన పెద్దవేట రైఫిలు ఇది. ఏనుగు 20 గజముల దూరమునకు వచ్చి మీద పడబోవునపుడు మొదటి గుండు తప్పినచో రెండవదానికి వ్యవధి యుండదు. తక్కిన రైఫిళ్లలో పిడి త్రిప్పి, ఖాళీ తోటాను వెడలగొట్టి, క్రొత్తదానిని ఎక్కింపవలెను. దీనిలో వ్రేలు ముందరి మీటనుండి వెనుక మీటకు జరిగిన చాలును.

అయితే ఆ రెండవ గుండు మొదటిది పోయిన చోటికే పోవునా? చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

రెండు గొట్టములను సమాంతరముగా నుంచి అతికిన సరిపోవునని ఎవరైనను తలతురు. మేమును చాలకాలము అట్లే తలచితిమి. కాని తుపాకి పేలినపుడు గుండు ముందుకు పోవుచుండగనే తుపాకి వెనుకకు తన్నును. కుడి గొట్టము పేలినచో ఆ తన్ను కుడి గొట్టపు నడిమిగీతపై పుట్టును. తుపాకి బరువు మాత్రము రెండు గొట్టముల నడుమ నున్నది. అందువలన గుండు ఇంకను గొట్టములో నుండగనే మూతి కొంచెము పైకిని కుడికిని తిరుగును. ఎడమది పేలిన పైకిని ఎడమకును తిరుగును. సెకనులో వెయ్యవ వంతులతో లెక్కింపవలసిన కాలమది. అయినను ఆ కాలముననే గురి చెడును. కావున గొట్టములను మూతివైపున ఒకదానికొకటి కొంచెము దగ్గరగా వచ్చునట్లు అతుకుదురు. చూపునకు రెండు దారులును ముందెక్కడనో కలిసికొనునట్లుండును. పేలునపుడు కలుగు తిరుగుడు ఆ వాలును సరిచేయును.

ఆ వాలు ఎంత యుండవలెనన్నది కాగితముపై లెక్కకు పూర్తిగా లొంగదు. లండను, బర్మింగుహాము పనివారు దానిని కాల్చి చూచియే తేల్చుచుండిరి. రెండు మూతుల నడుమ, ఒకవైపు మందముగను ఒకవైపు పలుచగను ఉండు చిన్న ఇనుపముక్కను పెట్టి టంకము వేయుదురు. కుడిది యొకటి, ఎడమది యొకటి కాల్చి కాగితముపై రంధ్రములు చూతురు. మూతిని వెచ్చచేసి, టంకము మెత్తబడగనే ఇనుపముక్కను వెండ్రుకవాసి జరుపుదురు. చల్లారిన పిమ్మట మరల కాల్చుదురు, మరల వెచ్చచేయుదురు. దీనిని రెగ్యులేషను అందురు. ఇట్టి రైఫిలు వెల సామాన్యుని కందకపోవుటకు ఈ ఓపికయు నొక కారణము.

ఇంత చేసినను ఆ అమరిక ఒక్క తోటాకే చెల్లును. 470 నైట్రో ఎక్స్‌ప్రెస్ అను తోటాలో గుండు బరువు 500 గ్రెయినులు, అనగా సుమారు 32 గ్రాములు. వేగము సెకనునకు 2150 అడుగులు. ఆ బరువునకు, ఆ వేగమునకు అమర్చిన రైఫిలులో వేరు గుండు వేసినచో రెండు గొట్టములును రెండు దారులు పట్టును. అందుకే ఏ మందు, ఎంత బరువు గుండు అన్నది పలు పాత రైఫిళ్ల గొట్టముల అడుగుననే చెక్కియుండును.

ఈ చరిత్రలో మన దేశమునకును పాలు గలదు. 1898లో రిగ్బీ సంస్థవారు తెచ్చిన 450 నైట్రో ఎక్స్‌ప్రెస్ పేరుగాంచినది. సైన్యమునందలి పాత 450 రైఫిళ్లకు అట్టి సామగ్రి చేరునను భయముచే బ్రిటిషు ప్రభుత్వము ఆ కొలతను ఇచ్చట నిషేధించినది. దాని స్థానము పూరించుటకే 1907 ప్రాంతమున 465, 470 మొదలగు కొలతలు వాడుకకు వచ్చినవి. జిమ్ కార్బెట్టు కుమావూను కొండలలో వాడిన వానిలో 450/400 కొలత జంట రైఫిలు ఒకటి. ఆనాటి మందు కార్డైటు, సన్నని దారముల కట్టవలె నుండునది. వేడికి దాని ఒత్తిడి పెరుగును. రోహిణీ కార్తె ఎండలో నుంచిన తోటా, మాఘమాసపు తెల్లవారుజామున తీసిన తోటా ఒకటి కావు. అందుచే ఉష్ణదేశములకు పంపువానిలో మందు తగ్గించి నింపుచుండిరి.

1970 ప్రాంతమునకు ఇంగ్లండులో ఈ పెద్ద తోటాల తయారీ దాదాపు ఆగిపోయినది. తరువాత కొందరు మరల మొదలిడినను, ఆ నడుమ అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములలోని వారు స్వయముగా తోటాలు నింపుకొనుట నేర్చిరి. వారికి చెక్కిన అక్షరములే దారి. గుండు బరువును మార్చరు. ప్రచురింపబడిన పట్టికలనుండి తక్కువ మందుతో మొదలిడి, వేగమును కొలుచు యంత్రము ముందు కాల్చి, కొంచెము కొంచెముగా పెంచుదురు. తుపాకిని బల్లకు బిగింపరు. చేతులతోనే పట్టవలెను, ఏలయన దాని తిరుగుడు సహజముగా సాగవలెను. కుడి రంధ్రములు కుడికిని, ఎడమవి ఎడమకును దూరముగా పడినచో గుండు మందగించి, గొట్టములో ఎక్కువసేపు నిలిచినదన్నమాట. కుడివి ఎడమకు, ఎడమవి కుడికి దాటిపోయినచో వేగము మించినది. ఒక్క జతను చూచి తీర్పు చెప్పరాదు. ఒక్కొక్క గొట్టమునకు నాలుగైదు గుండ్లయినను కావలెను. నేటి మందు పెద్ద తోటాలో కొంత చోటునే నింపును. మిగిలిన చోట బూరుగుదూది వంటిది కూరువారు గలరు. ఎరుగనివారు దాని జోలికి పోరాదు. పాత గొట్టము పగిలినచో పోవునది మృగము కాదు.

చాలమంది చేయు పొరపాటు, తోటాను వెదకక ముందే టంకమును కదిలించుట.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఈ వేటకు కాలము చెల్లినది. తోటాల తయారీకి 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు కావలెను. కావున ఇట్టివి నేడు తాతల వస్తువులుగా బీరువాలలో నున్నవి. మా మిత్రుని ఇంట నొకటి గలదు. నలుపురంగు వెలిసినదని ఆయన దానిని ఒక కార్ఖానాకు పంపెను. వారు దానిని కాగుచున్న క్షారజలములో ముంచిరి. ఉక్కు గొట్టమునకు మంచి రంగు వచ్చును. కాని టంకమును ఆ జలము తినివేయును. తిరిగివచ్చిన గొట్టములు అద్దమువలె మెరయుచుండెను. మేము వానిని విడదీసి, దారముతో వ్రేలాడదీసి, గోటితో మీటితిమి. అతుకు గట్టిగా నున్నచో గుడిగంటవలె మ్రోగవలెను. పగిలిన కంచమువలె పలికినది. మిత్రుడు మరల మీటుమనెను. మరల మీటితిమి.