మానెయ్యమంటే సరిపోదు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య తొమ్మిదో తరగతిలో పొగాకు గురించి పాఠం చెప్పాను. అయ్యాక ఒక అమ్మాయి లేచింది. "టీచర్, సిగరెట్ మానెయ్యమన్నారు, బాగుంది. మా అమ్మకు షుగర్. అన్నం తగ్గించమని డాక్టర్ చెప్పారు. తగ్గించి ఏం తినాలి?" అంది. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసమే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

పొగాకు విషయంలో చెప్పాల్సింది ఒకటే మాట: వద్దు. ఆ మాట వెనుక చట్టం ఉంది. 2003 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారికి పొగాకు అమ్మకూడదు. విద్యాసంస్థలకు 100 గజాల లోపల అసలే అమ్మకూడదు. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషేధం. 2016 నుంచి పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉంటోంది. చదువు రాని వారికి కూడా ఆ బొమ్మ అర్థమవుతుంది. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ముందు నుంచి నడిచే మనకు వేరే రుజువు అక్కర్లేదు.

తిండికి అంత సూటి మాట లేదు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నిబంధనలు చెబుతున్నాయి. కానీ చిప్స్ పొట్లం మీద ఆ లెక్క వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఉంటుంది. పైగా ఇరానీ చాయ్, ఇఫ్తార్ సమోసా మన ఆదరణలో భాగం. వాటిని సిగరెట్‌తో సమానం చేసి తిడితే ఎవరూ వినరు.

అసలు తేడా జేబులో ఉంది. సిగరెట్ మానితే డబ్బు మిగులుతుంది. మంచి తిండి తినాలంటే డబ్బు కావాలి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి రోజుకు దాదాపు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు కావాలి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి రోజుకు రెండు కిలోలన్న మాట! రోజు కూలీతో బతికే ఇంట్లో ఇది సలహాతో అయ్యే పని కాదు.

అందుకే దాతలకు నా విన్నపం. రంజాన్ రేషన్ కిట్‌లో చక్కెర, మైదా కాస్త తగ్గించి పప్పు, శనగలు, పల్లీలు చేర్చండి. కూరగాయలు కిట్‌లో నిలవ ఉండవు కనుక వారానికో కూపన్ ఇవ్వండి. మన వీధి తోపుడుబండి వాళ్లకూ బేరం దొరుకుతుంది. మన ఇఫ్తార్‌లో పండ్ల పళ్లెం ముందు, సమోసా తర్వాత రానివ్వండి.

అప్పుడు ఆ అమ్మాయికి నేను ధైర్యంగా జవాబు చెప్పగలను.