ఆన్‌లైన్ నోటరీ అయ్యాక బాబాయికి ఎందుకు కాదన్నాను?

మాది తుళ్లూరు, ఉండేది వర్జీనియా. నేను ఆన్‌లైన్ నోటరీ అయ్యానని తెలిసి ఊళ్లో బాబాయి ఫోన్ చేశారు. "అమ్మాయ్, పూలింగ్‌లో వచ్చిన ప్లాటు అమ్మాలి. మోకాళ్లతో ఆఫీసుకి పోలేను. మీ తమ్ముడి పేరున జీపీఏ రాశా. వీడియోలో సంతకం పెడతా, నువ్వు ముద్ర వేసెయ్" అన్నారు.

ఈ అధికారం ఎలా వస్తుందంటే, ముందు మామూలు నోటరీ కమిషన్ తీసుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నా చాలు. తర్వాత ఎలక్ట్రానిక్ నోటరీకి విడిగా అప్లై చేయాలి. వర్జీనియాలో 2012 నుంచి ఇది అమల్లో ఉంది, అమెరికాలో మొదటి రాష్ట్రం అదే. సంతకం పెట్టేవాళ్లు ఎక్కడైనా ఉండొచ్చు, నోటరీ మాత్రం వర్జీనియాలోనే ఉండాలి. వాళ్లెవరో రూఢి చేసుకోవాలి. వీడియో రికార్డింగ్ కనీసం 5 ఏళ్లు దాచాలి.

అయినా బాబాయికి కాదన్నాను. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, మన తరఫున ఇంకొకరు దస్తావేజు దాఖలు చేయాలంటే, ఇండియాలో ఉండేవాళ్లు ఆ జీపీఏని తమ ప్రాంతపు సబ్ రిజిస్ట్రార్ ఎదుటే రాసివ్వాలి. నోటరీ, ఇండియన్ కాన్సులేట్ అనే వెసులుబాటు విదేశాల్లో ఉండేవాళ్లకే. నేను మొహమాటానికి ముద్ర వేస్తే, పొలమిచ్చి తెచ్చుకున్న ప్లాటు కాగితాల్లో లొసుగు మిగిలిపోతుంది.

మరి మోకాళ్ల సంగతి? అదే సెక్షన్‌లో దారుంది. ఒంట్లో బాగోక రాలేనివాళ్ల ఇంటికి సబ్ రిజిస్ట్రారే రావొచ్చు. బాబాయికి అదే చెప్పాను, దరఖాస్తు పెట్టుకోమని.

విదేశాల్లో ఉన్నవాళ్లు కూడా ఆన్‌లైన్‌లో సంతకం పెట్టేముందు మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక్కసారి అడిగించండి. ఉంటానండి.