తెడ్డు యంత్రం – సాధనలో తగాదా
(ఉగాది ఉత్సవాలలో వ్యాయామశాల సభ్యుల కోరికపై చేసిన ఉపన్యాసం)



పంచాంగ శ్రవణం అయిన తర్వాత వ్యాయామాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కారణం మీ అందరికీ తెలిసినదే. మన వ్యాయామశాలలో ఒక మూలనున్న తెడ్డు యంత్రం విషయంలో రెండు పక్షాలు ఏర్పడినవి. ప్రతిరోజూ ఊపిరి సలపనంత గట్టిగా లాగితేనే బలమని ఒక పక్షం. మెల్లగా, చాలాసేపు లాగడమే మార్గమని రెండవ పక్షం. ఈ లోపున ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు నడుము పట్టేసి ఇంట్లో కూర్చున్నారు. అది చూసి కొందరు పెద్దలు యంత్రాన్ని అమ్మివేద్దామంటున్నారు. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఆ సంగతి తేలవలసి ఉన్నది. అమ్మే ముందు దానిని అర్థం చేసుకుందామని నా మనవి.

నీళ్లకు కటకటలాడే షోలాపూరులో పడవ సాధన ఏమిటని నవ్వేవారున్నారు. నీళ్లు లేనిచోటికే ఈ యంత్రం వచ్చింది. అమెరికాలో వెర్మాంటు రాష్ట్రానికి చెందిన డ్రైసిగాకర్ సోదరులు 1981లో సైకిలు చక్రానికి గాలి రెక్కలు కట్టి దీనిని అమ్మకానికి తెచ్చారు. చలికాలంలో నదులు గడ్డకట్టినప్పుడు పడవవాళ్లు ఇంట్లో సాధన చేసుకోవడానికి అది పనికివచ్చింది. తర్వాత దీనిమీదే పందేలు పెట్టడం మొదలయింది. 2018 నుంచి ప్రపంచ పోటీలు కూడా జరుగుతున్నవి. మన మహారాష్ట్రలోనే నాసిక్ జిల్లా చాంద్‌వడ్ తాలూకాలో, కరువు ప్రాంతంలో పుట్టిన దత్తు భోకనళ్ సైన్యంలో చేరిన తర్వాత 2012లో పూణేలో తెడ్డు పట్టాడు. 2016 రియో ఒలింపిక్సులో ఒంటరి పడవ పందెంలో 13వ స్థానం పొందాడు. 2018 జకార్తా ఆసియా క్రీడలలో నలుగురి జట్టుతో బంగారు పతకం తెచ్చాడు. కాబట్టి ఎండిన ఊరు అడ్డంకి కాదు.

ఇక యంత్రం సంగతి. చక్రం పక్కన ఒకటి నుంచి పది వరకు అంకెలున్న మీట ఒకటి ఉన్నది. దానిని డ్యాంపరు అంటారు. మన కుర్రవాళ్లు రాగానే దానిని పదికి నెట్టుతారు. పది అంటే మగతనమని వారి నమ్మకం. నిజానికి ఆ మీట చేసే పని చక్రం గూటిలోకి ఎంత గాలి పోవాలో నిర్ణయించడం మాత్రమే. పదిలో లాగడమంటే బరువైన మోటు పడవను లాగడం. నాలుగులో లాగడమంటే సన్నని పందెపు పడవను లాగడం. చక్రం ఎంత త్వరగా నెమ్మదిస్తున్నదో యంత్రం ప్రతి లాగుకూ కొలిచి, దానినిబట్టి లెక్క కడుతుంది. అందువల్ల పదిలో పెట్టినవాడికి ఊరికే ఎక్కువ మార్కులు రావు. నడుము మీద బరువు మాత్రం పెరుగుతుంది. ఆ కొలతను డ్రాగ్ ఫ్యాక్టరు అంటారు. సాధకులు చాలామంది 110కీ 130కీ మధ్య ఉంచుకుంటారు. గూటిలో దుమ్ము పేరుకుంటే ఆ అంకె తగ్గుతుంది గనుక, మీటను గాక అంకెను చూడాలి.

ఇంకొక లెక్క కూడా తెలియాలి. అరకిలోమీటరును రెండున్నర నిమిషాలలో లాగేవాడి శక్తి సుమారు 104 వాట్లు. దానినే రెండు నిమిషాలలో లాగాలంటే సుమారు 203 వాట్లు కావాలి. వేగం పెరిగింది పావువంతు. శక్తి దాదాపు రెట్టింపు అయింది. గాలి అడ్డుకునే తీరు అటువంటిది. 2018లో ఆస్ట్రేలియా దేశస్థుడు జాష్ డంక్లీ-స్మిత్ 2000 మీటర్లను 5 నిమిషాల 35.8 సెకన్లలో పూర్తిచేశాడు. అంటే అయిదున్నర నిమిషాలపాటు సుమారు 590 వాట్లు. మొదటి నెలలోనే పక్కవాడి అంకెను అందుకోవాలనే కుర్రవాడు ఈ లెక్కను తలచుకోవాలి. కొద్దిపాటి వేగానికి చాలా శక్తి చెల్లించాలి. ఆ శక్తి ఒక వారంలో పుట్టదు.

ఇప్పుడు లాగే పద్ధతి. దీనిమీద తగాదా కొత్తది కాదు. ఇంగ్లండులో ఒక తరం గురువులు వెన్ను ఈ కోణంలో, భుజం ఆ కోణంలో ఉండి తీరాలని శాసించేవారు. కేంబ్రిడ్జిలో జీసస్ కాలేజీకి శిక్షణ ఇచ్చిన స్టీవ్ ఫెయిర్‌బెయిర్న్ దానికి ఎదురు తిరిగాడు. భంగిమను కాదు, తెడ్డు నీటిలో చేసే పనిని చూడమన్నాడు. మైళ్లు లాగినవాడే మొనగాడవుతాడని ఆయన సిద్ధాంతం. చలికాలమంతా దూరాలు సాధన చేయించడానికి 1926లో థేమ్స్ నదిమీద ఒక దూరపు పందెం స్థాపించాడు; అది నేటికీ జరుగుతున్నది.

ఆ వాదంలో ఎవరిది పైచేయి అయినా, మనకు ముఖ్యం వరుస. ముందు కాళ్లు, తర్వాత నడుము, చివర చేతులు. ముందుకు వచ్చినప్పుడు మోకాళ్లు మడిచి, చేతులు చాపి, తుంటి దగ్గర వంగి కూర్చోవాలి. వీపు గూను కారాదు. కాళ్లతో తన్ని, కాళ్లు చాపుకొంటుండగా వెనుకకు వాలి, అప్పుడు పిడిని పక్కటెముకల కిందికి తెచ్చుకోవాలి. తిరిగి వెళ్లేటప్పుడు ఇదే తలకిందులు: చేతులు, నడుము, ఆ తర్వాత మోకాళ్లు. లాగడానికి పట్టిన కాలానికి రెట్టింపు కాలం తిరిగి వెళ్లడానికి తీసుకోవాలి. మన తాతలు మగ్గం గుంటలో కూర్చున్నవాళ్లు. కాలు తొక్కకుండా నాడె విసిరితే ఏమవుతుందో మన ఇళ్లలో ఒకరు చెప్పనక్కరలేదు. ఇక్కడా అంతే. కాళ్లు కదలకముందే చేతులతో గుంజేవాడికి బలం పోతుంది, నడుము పోతుంది.

మరి గట్టిగానా, మెల్లగానా? గట్టిగా అనేవారికి గొప్ప సాక్షి ఉన్నాడు. జర్మనీలో రాట్సెబుర్గ్ బడిపంతులు కార్ల్ ఆడమ్. తాను పడవవాడు కాకపోయినా, పరుగుపందెగాళ్ల పద్ధతి చూసి, కొద్దిసేపు తీవ్రంగా, కొద్దిసేపు విశ్రాంతిగా సాధన చేయించాడు. 1920 నుంచి ప్రతి ఒలింపిక్సులోనూ ఎనిమిదిమంది పందెం గెలుస్తూ వచ్చిన అమెరికాను 1960లో రోములో ఆయన శిష్యులు ఓడించారు.

మెల్లగా అనేవారి సాక్ష్యం నార్వే నుంచి వచ్చింది. అక్కడి అంతర్జాతీయ స్థాయి పడవవాళ్ల సాధనను 1970 నుంచి 2001 వరకు పరిశీలించి ఫిస్కెర్‌స్ట్రాండ్, సైలర్ అనే ఇద్దరు 2004లో ప్రకటించారు. ఏడాదికి 924 గంటలుండే సాధన 1128 గంటలయింది. నెలకు 30 గంటలుండే మెల్లని సాధన 50 గంటలకు పెరిగింది. అతి తీవ్రమైన సాధన 23 గంటల నుంచి 7 గంటలకు తగ్గింది. అయినా యంత్రంమీద ఆరు నిమిషాల పరీక్షలో వారి ఫలితం సుమారు పదిశాతం మెరుగుపడింది. ఇందులో వింత లేదు. ఆరేడు నిమిషాల పందెంలో శక్తిలో అధికభాగం ప్రాణవాయువు సాయంతోనే పుడుతుంది. గుండెను, కండరాలను దానికి సిద్ధం చేసేది మెల్లని దీర్ఘసాధన. పదును పెట్టేది కొద్దిపాటి తీవ్రసాధన.

అయితే రెండవ పక్షంవారు తొందరపడి చప్పట్లు కొట్టకూడదు. నార్వేవాళ్లకు వారానికి ఇరవై గంటలున్నవి. మన పవర్‌లూముల మీద పగలంతా నిలబడేవారికి, బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు, కంపెనీ కుర్చీలో కూర్చునేవారికి వారానికి మూడు అరగంటలు దొరికితే గొప్ప. వాటి పంచాంగం మనకు చెల్లదు. పైగా విరామం లేకుండా అరగంట దాటి యంత్రం మీద కూర్చోవడానికీ నడుము నొప్పికీ సంబంధమున్నదని పడవవాళ్లను పరిశీలించినవారు చెప్పారు. మెల్లగా లాగినా గూనుతో గంటసేపు లాగితే నడుము క్షమించదు. కాబట్టి గట్టివాడిదీ, మెల్లవాడిదీ కాదు, కుదురుగా లాగేవాడిదే గెలుపు. వరుస చెడిన చోట లాగడం ఆపవలసిందే.

సభవారి ముందు నా ప్రతిపాదన ఇది. యంత్రాన్ని అమ్మవద్దు. కొత్తగా వచ్చినవారు మొదటి రెండు వారాలు అంకె చూడకుండా వరుస మాత్రమే నేర్చుకోవాలి. తెర మీద ఒక గుడ్డ కప్పండి. ఆ తర్వాత వారంలో మూడు రోజులలో రెండు రోజులు పక్కవాడితో మాట్లాడగలిగినంత మెల్లగా, నిమిషానికి 18 నుంచి 22 లాగులతో, పదిహేనేసి నిమిషాల చొప్పున మధ్యలో లేచి నడుస్తూ రెండు విడతలు. మూడవ రోజు బాగా ఒళ్లు వేడెక్కిన తర్వాత నిమిషం గట్టిగా, నిమిషం మెల్లగా ఎనిమిదిసార్లు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని అడిగిన తర్వాతే మూడవ రోజు జోలికి పోవాలి. సాయంకాలం ఒక గంట స్త్రీలకే కేటాయించాలి. దినమంతా వంగి కూర్చునే వారి వెన్నుకే ఈ సాధన అవసరం ఎక్కువ. నడుము నొప్పి వచ్చినవాడిని చేతకానివాడని ఎగతాళి చేసే అలవాటు ఈ ఉగాదితో పోవాలి. వాడు నొప్పి దాచిపెట్టి మళ్లీ లాగడానికి ఆ ఎగతాళే కారణం.

ఆరు నెలలు ఇలా నడిపి చూడండి. అప్పటికీ పెద్దలకు తృప్తి కలగకపోతే అమ్మకానికి నేనే చేయి ఎత్తుతాను. యంత్రానికి మన పక్షాలు తెలియవు. ఎవరు ఎంత పని చేశారో అంతే చెబుతుంది. మన వాదనలు కూడా దాని ముందు కూర్చుని తీర్చుకుందాం.